మొదటి పది పేజీలు

(ఒక డిగ్రీ కళాశాలలో సామాజిక సేవా విభాగం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఇంత ఎండలో వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

లోపలికి వస్తూ మీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. వేసవి సెలవుల్లో విదేశానికి వెళ్లి, అక్కడి పిల్లల ఆశ్రమంలో నెల రోజులు సేవ చేసే అవకాశం ఉందని, చివర్లో ధ్రువపత్రం కూడా ఇస్తారని ఉంది. దాని కింద పదకొండు మంది పేర్లు రాసుకున్నారు. ఆ పదకొండు మందీ ఈ గదిలోనే ఉండి ఉంటారు. ఈ రోజు నా మాటలు ముందుగా మీకోసమే. మందలించడానికి రాలేదు. ఇరవై మూడేళ్ల వయసులో నేనూ సరిగ్గా అలాంటి కాగితం కిందే పేరు రాశాను. మీ మనసులో ఏముందో నాకు తెలుసు. అది మంచి మనసు. అందుకే దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో మాట్లాడుకుందాం.

అది 2013. బి.ఎడ్. పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. నేపాల్‌లో పిల్లల ఆశ్రమాలకు స్వచ్ఛంద కార్యకర్తలను పంపే ఒక సంస్థకు రుసుము కట్టాను. అది మా నాన్నగారి నెల జీతం కన్నా ఎక్కువే. సేవ చేయడానికి ఎదురు డబ్బు ఎందుకని మా అమ్మ అడిగింది. పిల్లల భోజనానికమ్మా అన్నాను. అమ్మ ఇంకేమీ అనలేదు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో సునౌలి, సరిహద్దు నడిచి దాటితే అవతల ఖాట్మండుకు రాత్రి బస్సు. మనకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. అంత సులువుగా చేరుకున్నాను. ఆ సులువు గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

ఖాట్మండు పక్కనే లలిత్‌పూర్ శివార్లలో మూడంతస్తుల ఇటుక ఇల్లు. ఇరవై ఆరుగురు పిల్లలు. గేటు తీయగానే ఆరేడుగురు పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను చుట్టేశారు. ఒక పాప ఒళ్లోకి ఎక్కేసింది. ‘దిదీ, దిదీ’ అంటున్నారు. దిదీ అంటే అక్క. అప్పటికి నా పేరైనా ఎవరికీ తెలియదు. ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి, ‘ఇక్కడి పిల్లలు గంటలోనే నన్ను తమ మనిషిని చేసుకున్నారు’ అని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

మరునాడు ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టాను. ఒళ్లోకి ఎక్కిన పాపకు ఏడేళ్లు. పేరు చెప్పను. నోటు పుస్తకం తెమ్మంటే, ‘ఏది తేవాలి?’ అని అడిగింది. ఉన్నవన్నీ తెమ్మన్నాను. తొమ్మిది తెచ్చింది.

తొమ్మిదింటికీ మంచి అట్టలు. ఒకదాని మీద కుక్కపిల్ల బొమ్మ, ఒకదాని మీద ఏదో విదేశీ జెండా. తెరిచి చూశాను. మొదటి పుస్తకంలో ఇంగ్లీషు అక్షరమాల, పక్కన బొమ్మలు, పదో పేజీ దగ్గర ఆగిపోయింది. రెండో పుస్తకంలో మళ్లీ అక్షరమాల, మళ్లీ అవే యాపిల్, బంతి, పిల్లి బొమ్మలు, మళ్లీ పది పేజీలు. తొమ్మిదింటిలోనూ ఇదే. వచ్చిన ప్రతి కార్యకర్తా కొత్త పుస్తకం కొనిచ్చి, మొదటి అక్షరంతో మొదలుపెట్టి, సెలవులు అయిపోగానే వెళ్లిపోయారు. అక్షరమాల ఆ పాపకు ఎప్పుడో వచ్చేసింది. అయినా కొత్త అక్కయ్య వచ్చినప్పుడల్లా ఏమీ రానట్టు మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టేది. అలా చేస్తే వచ్చిన వాళ్లు సంతోషిస్తారని ఆమెకు తెలుసు.

నా సంచిలో ఏముందో చెప్పనా? పదో నోటు పుస్తకం.

ఆ క్షణంలో అంతా అర్థమైపోయిందని చెప్పను. అర్థం కాలేదు. మిగతా వాళ్లు సరిగా చేయలేదు, నేను సరిగా చేస్తాను అనుకున్నాను. మూడు నెలలు ఉంటాను కదా, వాళ్లకన్నా ఎక్కువే కదా అనుకున్నాను.

ఆ ఇంట్లో మాలాంటి వాళ్లం ఎప్పుడూ నలుగురైదుగురం ఉండేవాళ్లం. రకరకాల దేశాల వాళ్లు, అందరూ మంచివాళ్లే. పిల్లలను నిజంగా పెంచుతున్నది మాత్రం ఇద్దరే ఆడవాళ్లు. వాళ్లలో పెద్దామెను అందరూ ఆమా అనేవారు. నేపాలీలో ఆమా అంటే అమ్మే. నలభై దాటిన మనిషి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేది. ఇరవై ఆరు మందికి పప్పూ అన్నం, ఆకుకూర, బట్టలు, స్నానాలు, జ్వరాలు. ఎవరు పక్క తడుపుతారో, ఎవరికి ఉల్లిపాయ పడదో, ఎవరు చీకటికి భయపడతారో ఆమెకు తెలుసు. మేము ఆడించేవాళ్లం, పాటలు నేర్పేవాళ్లం, ఫోటోలు తీసుకునేవాళ్లం. పిల్లలకు మేము పండుగ, ఆమె రోజూ ఉండే అన్నం.

ఒక సాయంత్రం జర్మనీ నుంచి వచ్చిన అమ్మాయి తిరిగి వెళ్లిపోయింది. గేటు దగ్గర పెద్ద ఏడుపులు, కౌగిలింతలు, మళ్లీ వస్తానన్న మాటలు. ఆ అమ్మాయి మనస్ఫూర్తిగానే అంది. రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతూ ఆమా నాతో హిందీలో ఒక మాట అంది. ‘మీరు వెళ్లిన తర్వాత రెండు రాత్రులు వీళ్లు నిద్రపోరు. ఆ రెండు రాత్రులూ నావి.’

అందులో కోపం లేదు. రేపు పప్పు నానబెట్టాలి అన్నంత మామూలుగా చెప్పింది. పదేళ్లు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. ఈ రోజు మీ ముందు నిలబడింది కూడా దాని వల్లే.

ఇక దసరా వచ్చింది. నేపాల్‌లో దశైఁ అంటారు. పదిహేను రోజుల పండుగ, ఆ దేశంలో అంతకన్నా పెద్ద పండుగ లేదు. మనకు సంక్రాంతికి బస్సులూ రైళ్లూ ఎలా కిటకిటలాడతాయో అక్కడ దశైఁకి అలాగే. ఎక్కడెక్కడి వాళ్లూ ఇంటికి వెళ్లి పెద్దల చేత నుదుట టీకా పెట్టించుకోవాలి. బియ్యం, పెరుగు, ఎర్రటి రంగు కలిపి పెట్టే తిలకం అది. చీకటి గదిలో మొలకెత్తించిన పసుపు పచ్చని యవల మొలకలను జమరా అంటారు. వాటిని చెవి మీద దోపుతారు. మనవైపు దసరానాడు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెడతాం కదా, అలాంటిదే.

పండుగ దగ్గరపడుతున్న కొద్దీ ఇంట్లో పిల్లలు మాట తగ్గించారు. అనాథలు కదా, పండుగ చేసే వాళ్లు లేరని దిగులు అనుకున్నాను. పదేళ్ల అబ్బాయి ఒకడు గోడకు ఉన్న దేశపటం ముందు నిలబడి ఉన్నాడు. వచ్చిన మొదటి రోజే వాడు నాకు తన కథ చెప్పాడు: ‘అమ్మ చనిపోయింది, నాన్న చనిపోయాడు, నాకు ఎవరూ లేరు.’ పద్యం అప్పజెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాడు. అప్పుడది నాకు వింతగా అనిపించలేదు. పటంలో వాయవ్య మూలన, టిబెట్ సరిహద్దులో హుమ్లా అనే జిల్లా ఉంది. అక్కడ వేలు పెట్టి, వచ్చీరాని హిందీలో అన్నాడు: ‘ఇప్పుడు అమ్మ మిద్దె మీద ఫాపర్ ఆరబెడుతుంది.’ ఫాపర్ అంటే కొండల్లో పండే ఒక గింజ. మనకు రాగులెలాగో అక్కడ అది అలా.

ఆరబెడుతుంది అన్నాడు. ఆరబెట్టేది అనలేదు.

మనం భాష చదువుకున్న వాళ్లం. ఒక్క క్రియ చివర ఎంత ఉంటుందో మనకు తెలుసు. వాడు నా ముఖం చూసి వెంటనే నోరు మూసుకున్నాడు. ఆ రాత్రి ఆమాను అడిగితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘వీళ్లలో ఎంతమందికి అమ్మ ఉందో నన్ను అడగవద్దు’ అంది.

ఇప్పుడు కాస్త చరిత్ర చెప్పాలి. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా మావోయిస్టులకూ ప్రభుత్వానికీ మధ్య అంతర్యుద్ధం సాగింది. హుమ్లా, జుమ్లా, డోల్పా వంటి కర్ణాలీ కొండ జిల్లాలు అప్పటికే పేదవి, రోడ్లు లేనివి. యుద్ధ కాలంలో బడులు మూతపడ్డాయి. పిల్లలను బలవంతంగా దళాల్లో చేర్చుకుంటారన్న భయం ఊరూరా ఉండేది. ఆ భయం మీద దళారులు వచ్చి వాలారు. ‘మీ పిల్లవాణ్ని ఖాట్మండు తీసుకెళ్తాం, మంచి బడిలో వేస్తాం, క్షేమంగా ఉంటాడు’ అన్నారు. తల్లిదండ్రులు ఉన్న ఒక్క పొలమో పశువులో అమ్మి, అప్పు చేసి డబ్బు ఇచ్చారు. పిల్లలను వదిలించుకోవడానికి కాదు, కాపాడుకోవడానికి. దళారులు ఆ పిల్లలకు తల్లిదండ్రులు చనిపోయినట్టు దొంగ కాగితాలు పుట్టించి ఆశ్రమాల్లో చేర్చారు. యుద్ధం ఆగింది. ఆ దారి ఆగలేదు. ఎందుకంటే అప్పటికి అటువైపు నుంచి విరాళాలు, ఇటువైపు నుంచి మాలాంటి వాళ్ల రుసుములు రావడం మొదలైంది.

2015 భూకంపం సమయంలో యునిసెఫ్ ఒక లెక్క చెప్పింది. నేపాల్ ఆశ్రమాల్లో సుమారు 15,000 మంది పిల్లలు ఉన్నారని, వాళ్లలో 85 శాతానికి పైగా పిల్లలకు కనీసం తల్లో తండ్రో బతికే ఉన్నారని. ఒక్కసారి ఆ 85ను మనసులో నిలుపుకోండి. ఆశ్రమాలు ఎక్కడున్నాయో కూడా చూడండి. పేదరికం ఎక్కువగా ఉన్నది కర్ణాలీలో. ఆశ్రమాలు ఎక్కువగా ఉన్నది ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, ఏనుగులూ ఖడ్గమృగాలూ చూడటానికి జనం వెళ్లే చిత్వన్ జిల్లాల్లో. అంటే పర్యాటకులు తిరిగే చోట. పిల్లలు ఉన్న చోటికి ఆశ్రమం వెళ్లలేదు. మేము వచ్చే చోటికి పిల్లలను తెచ్చారు.

కంబోడియాలోనూ ఇదే జరిగింది. యుద్ధమూ మారణహోమమూ ముగిసి చాలా ఏళ్లయ్యాక, 2005 నుంచి 2010 మధ్య అక్కడి ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అనాథలు పెరిగి కాదు. ఆ ఐదేళ్లలో పెరిగింది పర్యాటకులు. పిల్లలేమీ చూడదగ్గ ప్రదేశాలు కారని అక్కడ పెద్ద ప్రచారమే చేయవలసి వచ్చింది.

నా రుసుము పిల్లల భోజనానికని మా అమ్మతో అన్నాను కదా. అందులో కొంత అన్నానికి వెళ్లే ఉంటుంది. కానీ ఆ పిల్లవాడు హుమ్లాకు తిరిగి వెళ్తే ఆ ఇంట్లో ఒక మంచం ఖాళీ అవుతుంది, ఖాళీ మంచాన్ని చూడటానికి నాలాంటి వాళ్లు రారు. కాబట్టి వాడు వెళ్లకూడదు, వాడికి అమ్మ ఉండకూడదు. అలాంటి ఏర్పాటుకు నేను మూడు నెలలు డబ్బు కట్టాను. ఇది చెప్పుకోవడం నాకు తేలిక కాదు. అయినా మీకు తెలియాలి.

మొదటి రోజు నన్ను చుట్టేసిన పిల్లల దగ్గరికి మళ్లీ వస్తాను. మీరు ఎక్కడికి వెళ్లినా మొదట అదే జరుగుతుంది. మీ గుండె కరిగేది అక్కడే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూ వాకిలీ లేని పిల్లల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ వైద్యుడు 1951లో ఒక నివేదిక రాశారు. పసివాడికి తిండీ శుభ్రతా ఎంత అవసరమో, రోజూ ఉండే ఒకే మనిషి ప్రేమ అంతే అవసరమన్నారు. మన ఇళ్లలో అమ్మమ్మలకు ఈ సంగతి ఏ నివేదికా చదవకుండానే తెలుసు. కానీ దాన్ని లెక్క కట్టి చూపింది రుమేనియా. అక్కడ నియంత చౌషెస్కూ పాలన 1989లో కూలిపోయేనాటికి లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ ఆశ్రమాల్లో మగ్గుతున్నారు. 2000లో బుకారెస్ట్ నగరంలో అమెరికా పరిశోధకులు కొందరు 136 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతా వాళ్లకు అప్పుడు ఉన్న ఏర్పాటే కొనసాగింది. కుటుంబాలకు వెళ్లిన పిల్లలు తెలివిలో, మాటలో, మనుషులతో బంధంలో ముందుకు వచ్చారు. రెండేళ్లు నిండకముందే వెళ్లిన వాళ్లు మరింత బాగా కోలుకున్నారు.

ఆశ్రమాల్లో పెరిగిన పిల్లల గురించి పరిశోధకులు గమనించిన ఒక లక్షణం ఉంది. ముక్కూ ముఖం తెలియని వాళ్ల ఒళ్లోకి కూడా వెనుకాడకుండా ఎక్కేస్తారు, పిలిస్తే చేయి పట్టుకుని వెళ్లిపోతారు. మీ అన్నయ్య కూతుర్ని తలచుకోండి. కొత్త వాళ్లు వస్తే ఏం చేస్తుంది? అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. తొంగి చూస్తుంది. రెండు రోజులైతే గాని దగ్గరికి రాదు. అది ఆరోగ్యం. గేటు దగ్గర నన్ను చుట్టేసిన పిల్లలకు దాక్కోవడానికి కొంగు లేదు. నేను ప్రేమ అని మురిసిపోయినది గాయమని నాకు తెలియలేదు. మూడు నెలలు పోయాక ఆ గాయాన్ని ఇంకొంచెం పెద్దది చేసి వచ్చాను. వచ్చే రోజు ఆ ఏడేళ్ల పాప గేటు దగ్గరికి రాలేదు. పైఅంతస్తు కిటికీలోంచి చూస్తోంది. చెయ్యి ఊపాను. ఊపలేదు. పదో నోటు పుస్తకం పదిహేడో పేజీ దాకా వచ్చింది, అంతే.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. మే 12న మరొకటి. సుమారు 9,000 మంది చనిపోయారు. టీవీ ముందు కూర్చుని ఆ ఇటుక ఇల్లు ఏమైందోనని వణికిపోయాను. ఇల్లు నిలబడింది, పిల్లలు క్షేమం. వెంటనే బయలుదేరాలనిపించింది. ప్రపంచమంతటా ఎందరికో అలాగే అనిపించింది. ‘అనాథలను కాపాడండి’ అంటూ విరాళాలు మొదలయ్యాయి. అదే సమయంలో దళారులు శిథిలాల మధ్య తిరుగుతున్నారు. నేపాల్ ప్రభుత్వం చప్పున మేల్కొంది. పదహారేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రులో, అనుమతి ఉన్న సంరక్షకులో లేకుండా జిల్లా దాటించకూడదని ఆజ్ఞ ఇచ్చింది. కొత్త ఆశ్రమాల నమోదును, విదేశీ దత్తతను ఆపేసింది. విపత్తు వేళ ఒక పేద దేశం తన పిల్లల కోసం చేసిన ఈ పని గురించి మన పత్రికల్లో తగినంత రాయలేదని నాకు ఇప్పటికీ బాధ.

ఈసారి నేను బయలుదేరలేదు. పిల్లలను తిరిగి ఇళ్లకు చేర్చే పని చేస్తున్న నేపాలీ బృందం ఒకటి ఉందని తెలిసి, మీకు ఏం కావాలని అడిగాను. జవాబు ఇంత: ‘మా దగ్గర పిల్లల వివరాల కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే వాళ్లు లేరు.’ హైదరాబాద్‌లో మా ఇంట్లో కూర్చుని, రాత్రి పూట ఎనిమిది నెలలు ఆ పని చేశాను. ఒక్క పిల్లవాడి ముఖం చూడలేదు. ఒక్క కౌగిలింత లేదు. మీలో ఎవరికైనా పిల్లల కోసం ఏదైనా చేయాలని ఉంటే, ముందు ఇలాంటి పనికి మనసు ఒప్పుకుంటుందా అని మిమ్మల్ని మీరు అడగండి.

2016లో వాళ్లే నన్ను పిలిచారు. ఆ హుమ్లా అబ్బాయి కుటుంబం ఆచూకీ దొరికిందన్నారు. రాసిపెట్టే మనిషి కావాలి, వస్తారా అన్నారు. లక్నో మీదుగా రుపైడిహా సరిహద్దు దాటి నేపాల్‌గంజ్ చేరాను. అక్కడి నుంచి సిమికోట్‌కు చిన్న విమానం. అప్పటికి దేశంలోని మిగతా రోడ్లతో హుమ్లాను కలిపే దారి లేదు. మబ్బు పడితే విమానం ఎగరదు. మూడు రోజులు నేపాల్‌గంజ్ ఎండలో మబ్బు విడవడం కోసం చూశాం. సిమికోట్ నుంచి రెండు రోజుల నడక. నాతో వచ్చిన సామాజిక కార్యకర్త కర్ణాలీ మనిషే. ఊరి మొదట్లో ఆగి నాతో అన్నారు: ‘అక్కా, ఇక్కడి నుంచి మీరు ఏమీ మాట్లాడవద్దు. విదేశీయులు వచ్చారంటే డబ్బు తెచ్చారనుకుంటారు, లేదా ఇంకో పిల్లవాణ్ని తీసుకెళ్లడానికి వచ్చారనుకుంటారు.’

మట్టి మిద్దె. నిచ్చెనలా మెట్లు చెక్కిన దుంగ ఎక్కి పైకి వెళ్లాం. మిద్దె మీద ఆరబెట్టిన గింజలు. అబ్బాయి అమ్మ నా కన్నా నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది, అంతే. సామాజిక కార్యకర్త అబ్బాయి ఫోటో ఇచ్చారు. ఆమె ముందు ఫోటోలో ముఖం చూడలేదు. చెవి చూసింది. అబ్బాయికి ఎడమ చెవి తమ్మె మీద చిన్న చీలిక ఉంది. అది చూసి, ఫోటోను పమిట కింద పెట్టుకుని, లోపలికి వెళ్లిపోయింది. అరగంట బయటికి రాలేదు. మేము గింజల పక్కన కూర్చున్నాం. ఆ అరగంట గురించి నాకు చెప్పడం రాదు.

వాడు ఆ చలికాలానికి ముందే ఇంటికి చేరాడు. సినిమాలో అయితే కథ అక్కడ అయిపోయేది. కానీ వాడికి పదమూడేళ్లు వచ్చాయి. ఊరి యాస మర్చిపోయాడు. ఆ చలి వాడికి కొత్త. పొలం పని రాదు. ఖాట్మండులో ఉన్నప్పుడు అమ్మ కోసం ఏడ్చేవాడు, ఊళ్లో ఖాట్మండు స్నేహితుల కోసం ఏడ్చాడు. సిమికోట్ బడిలో చేర్చి, ఫీజూ పుస్తకాలూ ఇచ్చి, ఆ సామాజిక కార్యకర్త రెండేళ్లపాటు కొండలెక్కి వెళ్లి చూసివచ్చారు. పిల్లవాణ్ని ఇంటి నుంచి తీయడానికి ఒక్క రోజు సరిపోయింది. తిరిగి ఇంటివాణ్ని చేయడానికి రెండేళ్లు పట్టింది. డబ్బు అవసరమైంది కూడా ఆ రెండేళ్లకే. అయినా ఆశ్రమంలో ఒక్క ఏడాదికి అయ్యే దానికన్నా తక్కువే ఖర్చయింది.

(ఒక విద్యార్థిని: మేడం, అయితే మేము అసలు వెళ్లకూడదా?)

కూర్చో అమ్మా, మంచి ప్రశ్న. నీ పేరు ఆ కాగితం మీద ఉందా? ఉంది. సరే.

ప్రపంచం ఈ విషయంలో కొంత ముందుకు వచ్చింది. ఆస్ట్రేలియాలో 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం చేసినప్పుడు, ఆశ్రమాల కోసం పిల్లలను తరలించడం కూడా బానిసత్వంలో భాగమేనని గుర్తించారు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ, పర్యాటకంతో ముడిపడిన ఆశ్రమ సేవా కార్యక్రమాలు పిల్లలకు చేసే హాని గురించి తన తీర్మానంలో చెప్పింది. కాబట్టి ఇది నా ఒక్కదాని బాధ అనుకోవద్దు.

వెళ్లవచ్చు. అయితే పేరు రాసే ముందు అడగాలి. మీ పోలీసు ధ్రువీకరణ అడిగారా? డబ్బు కట్టగానే రమ్మన్నారా? రెండు వారాలకు వచ్చే వాళ్లను పిల్లల గదుల్లోకి రానిచ్చే ఇల్లయితే, మీకు తలుపు తీసినంత సులువుగా ఇంకెవరికైనా తీస్తుంది. మీరు మంచివాళ్లు. మీ తర్వాత వచ్చే మనిషి ఎవరో మీకు తెలియదు. ‘మా పిల్లల దగ్గరికి మిమ్మల్ని పంపం’ అని మొహం మీద చెప్పే ఇల్లు దొరికితే దాన్ని గౌరవించండి. వాళ్లకు నీటి పంపు బాగుచేసే మనిషి కావచ్చు, లెక్కలు రాసే మనిషి కావచ్చు, టీచర్లకు శిక్షణ ఇచ్చే మనిషి కావచ్చు. సాయంత్రం కాగానే పిల్లలు తమ తమ ఇళ్లకు వెళ్లిపోయే కేంద్రాలు ఉన్నాయి. కూలికి వెళ్లిన తల్లి వచ్చేదాకా చూసుకునే చోట్లు. అక్కడ స్థానిక టీచరు చేతి కింద ఆరు నెలలు, ఏడాది, ముందుగా భాష నేర్చుకుని చేయండి. మీరు వెళ్లిపోయిన మరునాడు కూడా పాఠం అదే పేజీ నుంచి సాగాలి.

ఇంకొకటి. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. దీనికోసం నేపాల్ దాకా వెళ్లనక్కర్లేదు. మన ఊళ్లలో పుట్టినరోజులూ పెళ్లిరోజులూ ఆశ్రమాల్లో జరుపుతున్నాం. కేకు కోస్తాం, అన్నదానం చేస్తాం, పిల్లలను వరసగా నిలబెట్టి ఫోటో తీసి ఫోన్లలో పంపుతాం. అమెరికాలో ఉన్న మన వాళ్లు వేసవికి వచ్చినప్పుడు, కాలేజీ దరఖాస్తుకు పనికొస్తుందని పిల్లలను వారం రోజులు ఆశ్రమానికి పంపుతున్నారు. నాకు తెలిసిన కుటుంబాల్లోనే చూశాను. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ పిల్లవాడు నెలలో ఎన్ని పుట్టినరోజులకు చప్పట్లు కొట్టాలి? తనది ఎప్పుడో తెలియని వాడు! పైగా మన 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టడం నేరం. అదే చట్టం ఆశ్రమాన్ని చివరి మార్గమనే అంటుంది. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద, పిల్లవాడు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. భర్త పోయి, ముగ్గురు పిల్లల్లో ఒకరిని ఆశ్రమంలో వేద్దామా అని ఆలోచిస్తున్న తల్లి మీ వీధిలోనే ఉండవచ్చు. ఆ దరఖాస్తు నింపడం ఆమెకు రాదు. మీకు వచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగం కార్యాలయానికి ఆమెతో నాలుగుసార్లు తిరగండి. ఆ సేవకు ధ్రువపత్రం ఎవరూ ఇవ్వరు. ఒక పిల్లవాడు మాత్రం తన ఇంట్లోనే, తన అమ్మ పక్కనే పడుకుంటాడు.

సమయం అయిపోతోందని అధ్యాపకులు చూస్తున్నారు. ఆమా సంగతి చెప్పి ముగిస్తాను.

హుమ్లా నుంచి దిగి వచ్చాక ఖాట్మండు వెళ్లి ఆమెను చూశాను. అప్పటికి ఆ ఇంటి నిర్వాహకులు మారారు. కార్యకర్తలను రప్పించడం ఆపేశారు. పిల్లలు పదకొండు మందికి తగ్గారు. నా ఏడేళ్ల పాప లేదు. ఇంటికి వెళ్లిందన్నారు. ఎక్కడికని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది. దసరా రోజులు. ఆమాను అడిగాను, ‘మీకు ఏం చేయమంటారు?’ అని. మూడు నెలలు ఆ ఇంట్లో ఉండి కూడా ఎన్నడూ అడగని ప్రశ్న.

ఆమె చేయి తుడుచుకుంటూ, ‘నాకు నాలుగు రోజులు సెలవు కావాలి’ అంది. ‘నాకూ ఒక కూతురుంది. ఊళ్లో మా అత్త దగ్గర పెరుగుతోంది. ఆరేళ్ల నుంచి దశైఁకి వెళ్లలేదు.’

అందరి పిల్లలకూ అమ్మ అయిన ఆమెకు తన బిడ్డ నుదుట టీకా పెట్టే తీరిక లేదు. నిర్వాహకులతో మాట్లాడాం. పిల్లలకు బాగా తెలిసిన రెండో ఆవిడ పిల్లల పని చూసుకుంటుంది, నేను వంటింట్లో ఉంటాను అన్నాం. ఆమా వెళ్లింది. నేను నాలుగు రోజులు పప్పు ఉడికించాను, అన్నం వార్చాను, గిన్నెలు తోమాను. పిల్లలతో అన్నం తిన్నారా అన్నది తప్ప ఎక్కువ మాట్లాడలేదు. మొదటి రోజు ఎవరూ నా ఒళ్లోకి రాలేదు. తలుపు వెనక నుంచి తొంగి చూశారు. చాలా సంతోషించాను.

దశైఁ టీకాను పున్నమి దాకా పెట్టవచ్చు. ఆమా పున్నమికి ముందు రోజు సాయంత్రం వచ్చింది. ఆమె నుదుట ఎర్రటి టీకా ఎండిపోయి ఉంది. సంచిలో నుంచి ఊళ్లో తాను కోసి తెచ్చిన జమరా తీసింది. పిల్లలను కూర్చోబెట్టి, పెద్దవాళ్లతో మొదలుపెట్టి పదకొండు మందికీ టీకా పెట్టి, చెవి మీద మొలకలు దోపింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, నా చేతిలో గరిటె పక్కన పెట్టించి, నాకూ పెట్టింది.